దీపం కిందికి దించు

గోదావరిఖని,
5 సెప్టెంబరు 2004

అక్క సుగుణమణికి,

తమ్ముడు యిర్మియా రాసేది. ఇంతదాక దేవుడు నిన్నూ నన్నూ ఓ కంట కనిపెట్టుకుంటనే ఉన్నడు. ఇగ ముందు గూడ కనిపెట్టాలె.

నవ్వనంటే ఒక ముచ్చట చెప్త. పొయ్యి కొన్న. కొత్తది గాదు, ఒకలు వాడిందే. మిషన్లు బిగించెటందుకు పరాయి దేశం నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఉండె. ఆయన పని అయిపోయి వాళ్ల దేశం పోయిండు. పోయెటప్పుడు సామానంత వంట చేసే రాయమల్లుకు ఇడిసిపెట్టిండు. అండ్ల ఇదొకటి. దీన్ని గ్రిల్లు అంటరట. సూటుకేసు లెక్క మూత, మడిచే కాళ్లు, లోపల ఇనుప జాలి, జాలి కింద సన్నటి గొట్టాలు. చిన్న గ్యాసు సిలిండరు తగిలిచ్చి చెవి తిప్పితే వరుసగ నీలి మంటలు లేస్తయి. జాలి మీద కోడి ముక్కలు పెట్టుడే. యాడికంటే ఆడికి చంకల పెట్టుకొని పోవచ్చు.

ఎందుకురా నీకిది అంటవు. నీ మరదలు రెబ్కా పోయి రెండేండ్లాయె. బొగ్గుబాయిల వాలంటరీ రిటైర్మెంటు తీసుకొని ఇంట్ల కూసున్న కాన్నుంచి గోడలే నాతోని మాట్లాడుతున్నయి. చౌరస్త కాడ పొద్దుమూకి బండి పెడత. షిఫ్టు దిగి వచ్చేటోళ్లు రెండు ముక్కలు తిని పోతరు. మనుషుల నడుమ ఉండచ్చు గదా.

నీ బిడ్డ కెరోలిన్ మొన్న ఆదివారం వచ్చింది. నర్సింగు పుస్తకాలు చదివి చదివి పోరి సన్నబడ్డది. కరీంనగర్ హాస్టలు తిండి నీకు ఎరుకే. సెలవు దొరికినప్పుడల్ల నా దగ్గరికే రమ్మన్న, కొత్తగూడెం దాక ఏం పోతది పాపం.

పక్కింటి సదయ్య ఫోను పెట్టిచ్చిండు. నంబరు కింద రాసిన. అవసరం పడితే చెయ్యి.

నీ తమ్ముడు,
యిర్మియా


కొత్తగూడెం,
14 సెప్టెంబరు 2004

తమ్ముడు యిర్మియాకు,

నీ ఉత్తరం చదివి నేను నవ్వలేదు. గ్యాస్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. మళ్లీ అక్కడే ఆగిపోయాను.

నీకు గుర్తు చేయాల్సిన పని లేదు, అయినా చేస్తున్నాను. పదిహేనేళ్ల కింద మీ బావను నా నుంచి తీసుకుపోయింది ఆ మాటే. ఆ రోజు నేను మూడో తరగతికి ఎక్కాలు చెప్తున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఫోన్ మోగింది. ఆమె తలుపు దగ్గర నిలబడి "సుగుణా, నీకే" అంది. చేతిలో సుద్దముక్కతోనే వెళ్లాను. "బాయిల గ్యాస్ అంటుకున్నది, శాంతిరాజ్..." అని ఎవరిదో గొంతు. అప్పటి నుంచి నేను ఫోన్ ముట్టుకోలేదు. స్టాఫ్ రూములో మోగితే లేచి వరండాలోకి వెళ్లిపోతాను. పిల్లలు వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

సదయ్య నంబరు ఎందుకు రాశావు? ఆ ముక్క చించి పారేయబోయాను. ఎందుకో మనసొప్పక ప్రార్థన పుస్తకంలో పెట్టాను. నాకు ఏం చెప్పాలన్నా ఉత్తరం రాయి. ఉత్తరమైతే నాలుగు రోజులు దారిలో ఉంటుంది. ఆ నాలుగు రోజులైనా నేను ప్రశాంతంగా ఉంటాను.

బండి పెట్టుకో, కాదనను. కట్టెల మీదో బొగ్గుల మీదో పెట్టుకోవచ్చుగా? బొగ్గు ఊళ్లో బొగ్గుకు కరువా? ఎవరో వాడి వదిలేసిన పొయ్యి, అందులోనూ పరాయి దేశపుది. నా బిడ్డ వచ్చి పడుకునే ఇంట్లోనే పెట్టాలా? నాకు ఉన్నది అదొక్కతే. నీకూ అదొక్కతే.

అక్క,
సుగుణమణి


గోదావరిఖని,
2 అక్టోబరు 2004

అక్కా,

నీ ఉత్తరం చూసి నేను గూడ రెండు రోజులు దాన్ని ముట్టలే. మూడో రోజు ముట్టిన. ఏం జేద్దు, చేతులు ఊకుంటయా?

నేను సర్దారును అక్కా. మర్చిపోయినవా? ముప్పయ్యేండ్లు చేసిన పనే అది. షిఫ్టు మొదలుగాక ముందుకు అందరికంటె ముందు దిగి, దీపం పట్టి, గ్యాసున్నదా లేదా చూసుడు. లేదని పుస్తకంల రాసి సంతకం పెడితేనే మిగిలినోళ్లు లోపల అడుగు పెట్టేది. దిగిపోయెటప్పుడు దోస్తులు నాకు పాత సేఫ్టీ దీపం ఇచ్చిండ్రు గద, ఇత్తడిది. మంట చుట్టూ జాలి ఉంటది, లోపలి మంట బయటికి రాదు. దాన్ని తుడిచి నూనె పోసి ఉంచిన. గ్రిల్లు అంటిచ్చే ముందు, బందు చేసినంక, రెండు సార్లు చూస్త. మంట చిన్నగ చేసి దీపాన్ని మెల్లగ కప్పు దాక లేపుడు. గ్యాసుంటే మంట నెత్తిన నీలి టోపీ కనవడ్తది. లేకుంటే లేదు. అంటుకునే గ్యాసు పైన, ఊపిరి ఆపే గ్యాసు కింద. నేను చదివిన సదువంతా గిదే.

ఇప్పటిదాంక టోపీ రాలే. ఫికర్ చెయ్యకు.

ఆ గొట్టం మన సిలిండరుకు పట్టలేదు. మెకానిక్ నర్సింగం సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతోని బిగిచ్చిండు. "సిలిండరు తలకాయ మాటిమాటికి తిప్పకే, కట్టు కదులుతది. గ్రిల్లు చెవి బందు చేస్తే చాలు" అన్నడు. అట్లనే చేస్తున్న.

మొదటి రోజు బండి కాడ ఎంతమందో. కోడి ముక్క చిటపట అనుడు ఆగి సుయ్యిమంటే తిప్పుడే. అంచులు ఎర్రగైతే తీసుడే. చప్పుడు విని చెప్త నేను, గడియారం లెక్క. కెరోలిన్ నాలుగు ముక్కలు తిన్నది. "మామా, నువ్వు బాయిల ఎందుకు పడ్డవే, హోటలే పెట్టకపోయినవా" అన్నది. నవ్వుకున్నం.

గ్రిల్లూ సిలిండరూ వెనక రేకుల అర్రల పెడుతున్న. రెండు మెట్లు దిగాలె గద, అదే అర్ర. కోళ్లను గూడ అండ్లనే కమ్ముత.

యిర్మియా


కొత్తగూడెం,
15 అక్టోబరు 2004

యిర్మియా,

నీ దీపం మీద నాకు నమ్మకమే. నువ్వు పదేళ్లప్పుడే రాత్రి పడుకునే ముందు తలుపు గడియ మూడుసార్లు చూసేవాడివి. కాని నర్సింగం కట్టిన సైకిల్ ట్యూబు మీద నమ్మకం లేదు. తీగ కట్టి ఎద్దుబండిని నడుపుకోవచ్చు, నిప్పును కాదు.

కెరోలిన్ ఉత్తరం రాసింది. "మామ ఇంట్లో ఏదో కుళ్లిన ఉల్లిపాయ వాసన వస్తోందమ్మా. అడిగితే మోరీ కంపు అన్నాడు. వాడంతా బొగ్గు కుప్పలు కాలుస్తుంటారు కదా, ఆ పొగలో ఏ వాసన ఎక్కడిదో తెలియదు" అని. నిజంగా మోరీయేనా?

ఇంకొకటి. పోయిన క్రిస్మసుకు నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు, నేను పారబోద్దామని పక్కకు పెట్టిన చేపల పులుసు నువ్వు వడ్డించుకుని తిన్నావు. గిన్నె మూత తీస్తేనే నేను ముక్కు మూసుకున్నాను. నువ్వు మాత్రం "మంచిగున్నదక్కా" అన్నావు. ఆ రాత్రి నీకు వాంతులు. నన్ను నొప్పించకూడదని తిన్నావేమో అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదు. రాశాను, అంతే.

ఈ మధ్య సరిగా నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే ఏదో సన్నగా బుస కొడుతున్నట్టు ఉంటుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు.

అక్క


గోదావరిఖని,
10 నవంబరు 2004

అక్కా,

నీకు రాయాల్నా వద్దా అని వారం నుంచి చూస్తున్న. ఇగ ఆగలేక రాస్తున్న.

పోయిన గురువారం పొద్దుగాల కోళ్లను ఇడుద్దామని రేకుల అర్రకు పోయిన. గంప లేపితే తొమ్మిది కోడిపిల్లలు తొమ్మిదీ చచ్చి ఉన్నయి. ఒంటి మీద ఒక్క గాటు లేదు, నెత్తురు లేదు. నిద్రపోయినట్టున్నయి. తల్లికోడి మాత్రం మెట్టు మీదికి ఎక్కి మెడ వేలాడేసుకొని కూసున్నది. నేను గూడ మోకాళ్ల మీద వంగి పిల్లల్ని ఏరుతుంటే తల గిర్రున తిరిగింది. గోడ పట్టుకొని బయట పడ్డ.

దీపం తెచ్చి చూసిన. కప్పు మూలమూలకు లేపిన. టోపీ లేదు. అంత సాఫ్. అంటే గ్రిల్లు గ్యాసు గాదు. మరి ఏంది?

అక్కా, మా వాడ కింద పాత బాయి ఉన్నది, ఎరుకేనా? నేను పనిల చేరక ముందుకే మూసేసిన్రు. పోయిన వానలకు రేకుల అర్ర నేల మీద సన్నగ పగులు పడ్డది. ఊపిరి ఆపే గాలి ఆ పగుల్లకెల్లి పైకి వస్తున్నదని నా అనుమానం. అది కిందనే పండుకుంటది, కోడిపిల్లల ఎత్తుల. బాయి నన్ను ఇడిసిపెట్టిందనుకున్న. ఇంటికి వచ్చి తలుపు కొడుతున్నది.

నాకు భయమైతంది. ముప్పయ్యేండ్లు లోపల తిరిగిన గని, గింత భయం ఎన్నడు కాలె. లోపల ఉన్నప్పుడు బయటికి పోవచ్చు. ఇప్పుడు యాడికి పోవాలె?

సదయ్యను పిలిచి చూపిచ్చిన. అర్రల అడుగు పెట్టంగనే "థూ, ఏం కంపే యిర్మియన్నా, ఏదో మురిగినట్టు" అన్నడు. "ఔనే, మోరీ కంపు, నెల దినాల సంది గిట్లనే కొడుతంది" అన్న.

బండి మాత్రం ఆపలే. సిలిండరు జల్ది అయిపోతంది, రాయమల్లు తక్కువ నింపిస్తున్నడేమో. అడగాలె.

కెరోలిన్‌కు గీ ముచ్చట చెప్పకు. పరీక్షలున్నయి దానికి.

యిర్మియా


కొత్తగూడెం,
24 నవంబరు 2004

యిర్మియా,

అంతా వదిలేసి ఇక్కడికి రా. ఉత్తరం అందగానే బస్సెక్కు. నాకున్న ఒక్క గదిలోనే సర్దుకుందాం. కోడిపిల్లల గంప లేపిన దగ్గర నుంచి నేను ముందుకు చదవలేకపోయాను. పక్క టీచరుతో చదివించుకున్నాను. యాభై ఏళ్ల దాన్ని, మా మూడో తరగతి పిల్లలాగా కళ్లు మూసుకుని విన్నాను.

రానంటే ఒక్కదానికి జవాబు రాయి. సూటిగా అడుగుతున్నాను. ఆ అర్రలో నీకు ఏం వాసన వచ్చింది? సదయ్యకు వచ్చింది నువ్వు రాశావు. కెరోలిన్‌కు వచ్చింది కెరోలిన్ రాసింది. నీకు ఏం వచ్చిందో చెప్పు. మోరీ అని మాత్రం రాయకు, ఆ మాట సదయ్యది కాదు, నీది.

ఇంకో మాట కూడా అడగాలని ఉంది. అది ఇప్పుడు కాదు. పదిహేనేళ్లుగా అడగలేదు, ఇంకొన్నాళ్లు ఆగగలను.

అక్క


గోదావరిఖని,
14 డిసెంబరు 2004

అక్కా,

లేటుగ రాస్తున్న, కోపం చెయ్యకు. జెర జ్వరం వచ్చి దవాఖాన చుట్టు తిరిగిన. ఇప్పుడు మంచిగున్న.

కొత్తగూడెం ఎట్ల వస్తనే? రెబ్కాను మట్టి చేసింది ఈడ. నా ఇల్లు ఇదే. కాని నువ్వు భయపడుడు బందు చెయ్యాలె. అందుకే ఒక ఉపాయం చేసిన. రేకుల అర్రకు తాళం పెట్టిన, ఆ పగులు మీద సిమెంటు పోసిన. కోళ్లను సదయ్యకు ఇచ్చిన. గ్రిల్లూ సిలిండరూ ముందు అర్రలకు తెచ్చి, మంచం తలాపున మూలకు పెట్టిన. ఇగ ఆ చెడు గాలి సోకదు వాటికి. కిటికీలు చలికి మూసే ఉంచుతున్న గని, పైన వెంటిలేటర్లు రెండూ తెరిచిన. ఏమన్న గ్యాసు ఉన్నా పైకెల్లి పోతది. పొద్దుగాల మాపటికి దీపం పెట్టి చూస్తున్న. కప్పు సాఫ్.

కెరోలిన్ క్రిస్మసు సెలవులకు వస్తున్నది. శనివారం మాపటి వరకు దిగుతదట. ముందు అర్రల మంచం దానికే ఇస్త. చలి ఎముకలు కొరుకుతంది ఈసారి. బొగ్గుల కుంపటి నింపి మంచం పక్కన నేల మీద పెడత, పోరి వెచ్చగ పండుకుంటది. చిన్నప్పుడు అవ్వ మనకు పెట్టేది గద, గట్లనే.

వాసన గురించి అడిగినవు. ఏం వాసనే? వాసన అంటే వాసననే. ఎందుకు గింత తవ్వుతవు? నర్సింగమూ అడుగుతడు, సదయ్యా అడుగుతడు, ఇప్పుడు నువ్వు. ముక్కు పరీక్ష పెట్టి సర్టిఫికెటు తేవాల్నా?

గట్టిగ రాసిన, మనసుల పెట్టుకోకు. పండుగకు నువ్వే రా. ముగ్గురం ఉందం.

యిర్మియా


కొత్తగూడెం, ఎస్టీడీ బూత్,
18 డిసెంబరు 2004, శనివారం, మధ్యాహ్నం రెండుంబావు

యిర్మియా,

ఇది నీకు చేరుతుందో లేదో, చేరినా చదవడానికి నువ్వు ఉంటావో లేదో తెలియదు. చేతులకు పని చెప్పకపోతే అరుస్తాను. అందుకు రాస్తున్నాను. కాగితం బూత్ అబ్బాయి ఇచ్చాడు.

నీ ఉత్తరం ఒకటిన్నరకు ఇచ్చారు. మా బడి హాస్టలు వంటింటి గడపలో నిలబడి చదివాను. మంచం, కుంపటి, నేల మీద అన్న చోటికి వచ్చి తలెత్తాను. ఎదురుగా గోడ మీద గ్యాస్ వాళ్లు అంటించిన కాగితం. రోజూ చూస్తాను, ఏ రోజూ చదవలేదు. "వంట గ్యాస్ గాలి కంటే బరువైనది. లీకయితే నేల మీద పరుచుకుంటుంది. కుళ్లిన వాసన వస్తే నిప్పు వెలిగించకండి, స్విచ్ ముట్టుకోకండి."

నేల మీద, యిర్మియా. పైన కాదు. నువ్వు మూడు నెలలుగా కప్పును చూస్తున్నావు. అది నీ కాళ్ల దగ్గర ఉంది. కోడిపిల్లల్ని చంపింది పాత బాయి కాదు. సిలిండరు జల్ది అయిపోతోందని నువ్వే రాశావు, ఎటు పోతోందో మనిద్దరం అడగలేదు.

అప్పుడే ఇంకోటి తెలిసింది. నీ ఉత్తరాలన్నీ పెట్టెలోంచి తీసి చూశాను. కోడి ముక్క చిటపట ఉంది, ఎర్రగా కాలిన అంచు ఉంది, తల తిరగడం ఉంది. వాసన ఒక్కచోటా లేదు. ఉన్న ఒక్కటీ సదయ్య నోటిది. చేపల పులుసు గుర్తొచ్చింది. నీకు వాసన రాదు కదా? చెప్పొద్దా నాకు? నేను నీ అక్కను కానా?

ప్రార్థన పుస్తకంలోంచి ఆ నంబరు తీసి బూత్‌కు పరుగెత్తాను. చెప్పులు బడిలోనే ఉన్నాయి. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంటే మళ్లీ ఆ పాత గొంతే వినబడుతుందనిపించింది. సదయ్య భార్య ఎత్తింది. "యిర్మియాను పిలువు" అన్నాను, అంతే. ఆమెకే చెప్పాల్సింది! కుంపటి ముట్టించొద్దని, తలుపులు తీయమని. ఆ మాట అనేలోపే "అక్కా, నువ్వా? నువ్వే చేసినవా?" అని ఆమె గావుకేక పెట్టింది. రిసీవరు పక్కన పెట్టి వెళ్లిన చప్పుడు, కోడి అరుపు, ఎవరో పరుగెత్తడం. తర్వాత లైను తెగిపోయింది.

ఇరవై నిమిషాలుగా కలవడం లేదు. బూత్ అబ్బాయి తిప్పుతూనే ఉన్నాడు. ఎంగేజ్ వస్తోంది, లేదంటే ఏమీ రావడం లేదు. కెరోలిన్ సాయంత్రం కదా వచ్చేది? సాయంత్రమే అని రాశావు కదా? ఒకవేళ ముందు బస్సు దొరికిందేమో. ప్రభువా, నా బిడ్డకు ఇవాళ బస్సు దొరక్కుండా చెయ్యి. టైరు పగలనీ. దాన్ని ఏ ఊళ్లోనైనా ఆపెయ్యి.

యిర్మియా, కుంపటి పెట్టకు, నీకు దండం పెడతాను, కుంపటి

అబ్బాయి పిలుస్తున్నాడు. మోగుతోందట.


గోదావరిఖని,
20 డిసెంబరు 2004

అక్కా,

నిన్న నువ్వు మళ్ల ఫోను చేసి ఏడిస్తివి. కెరోలిన్‌కు ఇచ్చి బయట కూసున్న. అంత సక్కగ రాస్త, విను.

శనివారం కెరోలిన్ పన్నెండుకే దిగింది. ముందు బస్సు దొరికిందట. పొయి మీద బువ్వ ఎక్కిస్తనంటే వద్దన్న, బండి కాడి నుంచి తెచ్చిన ముక్కలున్నయి, వాకిట్లనే కూసొని తిన్నం. "చలి పెడుతంది మామా, జెర పండుకుంట" అన్నది. వాకిట్ల కుంపటి రాజేసిన. పొగ పోయేదాక బయటనే ఉంచాలె గద. బొగ్గులు ఎర్రగైనయి. అది పట్టుకారుతోని కుంపటి లేపి మెట్టు ఎక్కింది. గడప దాటెటందుకు ఇంకొక్క అడుగే.

అప్పుడు సదయ్య పెండ్లాం గోడ మీదికెల్లి మొత్తుకున్నది. "యిర్మియన్నా, ఓ యిర్మియన్నా! మీ అక్క ఫోను! సుగుణక్క!"

అక్కా, ఇంకెవలి ఫోనన్న అయితే, "ఆగే, కుంపటి లోపల పెట్టి వస్తం" అందుము. నువ్వు రోజూ ఫోన్ చేసేదానివైతే గూడ గట్లనే అందుము. నువ్వు ఫోను ముట్టినవంటే మాకు గుండెలు జారినయి. కొత్తగూడెంల ఏదో అయిందనుకున్నం. కెరోలిన్ చేతిల కుంపటిని ఉన్నకాడనే, మెట్టు మీద ఇడిసి, చెప్పులు గూడ లేకుంట ఉరికింది. నేను దాని ఎనక. పోయేసరికి ఫోను మూగది. ముగ్గురం దాని ముందట నిలబడ్డం. కెరోలిన్ "అమ్మకు ఏమైంది, అమ్మకు ఏమైంది" అని ఒకటే ఏడుపు. అరగంట. ఇంటికి పోదామన్న సోయి ఎవలకు లేదు.

మళ్ల మోగింది. నువ్వు "బాగున్నవా" అనలే, పేరు పెట్టి పిలువలే. "దీపం కిందికి దించు" అన్నవు. "కుంపటి బయటనే ఉంచు. దీపం కిందికి దించు." మళ్ల మళ్ల గదే.

కెరోలిన్‌ను సదయ్య ఇంట్లనే కూసోబెట్టిన. కుంపటి మీద బిందెడు నీళ్లు పోసిన. దీపం వాకిట్ల దూరంగ అంటిచ్చి, మంట సన్నగ చేసి, గడప కాడికి పోయిన. ముందు అలవాటు చొప్పున నెత్తి మీదికి లేపిన. సాఫ్. నడుము దాక దించిన. సాఫ్. మోకాళ్ల కాడికి దించంగనే టోపీ లేచింది అక్కా. నీలిది. ఇంత పొడుగు. ముప్పయ్యేండ్లల గంత టోపీ నేను ఒక్కసారే చూసిన.

మెల్లగ ఎనకకు తీసిన. తలుపులు కిటికీలు బార్ల తెరిచి వాడోళ్లందరిని దూరం పంపిన. గాలి ఆడినంక ఊపిరి బిగవట్టి పోయి సిలిండరు తలకాయ తిప్పి బయటికి మోసుకొచ్చిన. నర్సింగం చుట్టిన ట్యూబు పగిలి పెచ్చులు పెచ్చులైంది. సబ్బునీళ్లు పోస్తే బుగ్గలు లేచినయి.

ఇగ నువ్వు అడిగింది. వాసన రాదక్కా నాకు. పదిహేనేండ్లాయె. బావను బయటికి తెచ్చెటందుకు లోపలికి పోయిన నాడు ఆ పొగ పీల్చిన గద, ఆనాటి నుంచి లేదు. రెబ్కాకు గూడ చెప్పలే. ముక్కు లేని సర్దారును లోపలికి ఎవలు పంపుతరు? దీపం ఉన్నది గద అనుకున్న. సదయ్య "కంపు" అంటే నేనూ "కంపు" అన్న. సిగ్గుకు అన్న. ఆ సిగ్గే పిల్లను చంపేది.

నువ్వు ఇంకో మాట అడగాలని రాసినవు. అదేందో నాకెరుకే. అందుకే నేనే చెప్త. ఆ పొద్దు ఆ జాగ చూసింది నేనే. దీపం కప్పు దాక లేపిన. టోపీ లేదు. పుస్తకంల "గ్యాస్ లేదు" అని రాసి సంతకం పెట్టిన. సంతకం అయిన మూడు గంటలకు బావ పోయిండు. ఎంక్వయిరీల నా తప్పు లేదన్నరు. నేను చూసినంక పగుల్లకెల్లి గ్యాసు వచ్చిందన్నరు. కాని నేను సక్కగ చూసిన్నా? ఇంకో నిమిషం నిలబడితే కనవడునా? ఆనాటి నుంచి యాడికి పోయినా కప్పే చూస్తున్న. సర్కసుకు పోయినా కప్పే చూసిన. గందుకే కింద చూసుడు మర్చిపోయిన.

అడుగు. ఏమడుగుతవో అడుగు.

యిర్మియా


కొత్తగూడెం,
3 జనవరి 2005

తమ్ముడు యిర్మియాకు,

పండక్కి నీ ఇంట్లో మూడు రోజులు ఎదురెదురుగా కూర్చున్నాం. కేకు తిన్నాం, పాటలు పాడాం, కెరోలిన్ మనిద్దరినీ ఆట పట్టించింది. నువ్వు నా కళ్లలోకి చూడలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. ఎదురుగా ఉంటే నోరు పెగలని మనుషులం మనం. కాబట్టి రాస్తున్నాను.

అవును, అదే అడగాలనుకున్నాను. ఆ రోజు చూసింది నువ్వేనని నాకు మొదటి వారంలోనే ఎవరో చెప్పారు. అడిగితే నువ్వు "సరిగ్గా చూడలేదక్కా" అంటావేమోనని భయం. భర్త ఎలాగూ పోయాడు, తమ్ముణ్ని కూడా పోగొట్టుకోవాలా అనుకున్నాను. అందుకే అడగకుండా దాచుకున్నాను. నువ్వు చెప్పకుండా దాచుకున్నావు. ఆ గ్యాస్ మనిద్దరి మధ్య పదిహేనేళ్లు నేల మీద పరుచుకునే ఉంది.

నీ ఇంట్లో ఒకటి చూశాను. క్రిస్మసు రోజు తెల్లవారుజామున, అందరూ పడుకుని ఉన్నారనుకుని, నువ్వు ఆ ఇత్తడి దీపం పట్టుకుని గదిలో తిరిగావు. సిలిండరు ఇంట్లో లేదు, గ్రిల్లు గొట్టాలు పీకి బొగ్గుల పొయ్యిగా మార్చి వాకిట్లో పెట్టావు. అయినా తిరిగావు. కప్పు దాకా లేపావు, ఆగావు, లోపల లెక్కపెట్టుకుంటూ చాలాసేపు ఆగావు. తర్వాత నేల దాకా దించావు. కెరోలిన్ మంచం కింద కూడా చూశావు. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను కాని అంతా చూశాను. నిన్ను చూస్తే భయం వేసింది. ఎన్నాళ్లిలా తిరుగుతావో అని.

అలా చూసే మనిషి ఆ పొద్దు కూడా అలాగే చూసి ఉంటాడు. "గ్యాస్ లేదు" అని రాశావు. నువ్వు రాసినప్పుడు లేదు. నేను నమ్ముతున్నాను. ఇక దీపం కింద పెట్టు.

నాకు భయం పోలేదు, పోతుందనీ అనుకోను. కాని పోయిన సోమవారం స్టాఫ్ రూములో ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లలేదు. వెళ్లి ఎత్తాను. ఎవరో పిల్లవాడి తండ్రి, బడి ఎప్పుడు తెరుస్తారని అడిగాడు. అంతే.

బడి నంబరు కింద రాస్తున్నాను. ఆదివారం తప్ప ఎప్పుడైనా చెయ్యి.

అక్క,
సుగుణమణి